సెప్టెంబరు 30 రాత్రికి ఏ పని ఎంతవరకు అయింది?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరానికి ఈసారి సమాధానం. తన పేరూ కంపెనీ పేరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారాంశం ఇదీ.

ఆమె వయసు 31, ఎం.కాం. చదివారు. విశాఖపట్నంలో హెడ్డాఫీసు ఉన్న ఒక ఇన్‌స్పెక్షన్ కంపెనీకి రాయగడలో బ్రాంచి ఉంది. అక్కడ ఐదేళ్లుగా అకౌంట్స్ మొత్తం ఆమే చూస్తున్నారు. బాయిలర్ ట్యూబుల మందం కొలవడం, వెల్డింగ్ జాయింట్లకు రేడియోగ్రఫీ (లోపలి లోపాలు చూపే ఎక్స్‌రే లాంటి ఫిల్మ్) తీయడం, చుట్టుపక్కల కర్మాగారాలకు రోజుకింత అని ఇన్‌స్పెక్టర్లను పంపడం ఆ బ్రాంచి పని. కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజి మెయిన్ బోర్డులో లిస్ట్ అయింది కాబట్టి మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటించాలి. సెప్టెంబరు క్వార్టర్ లెక్కలు అక్టోబరు 15లోగా విశాఖ చేరాలి. వాటికి జతగా, అన్నీ సరిగానే ఉన్నాయంటూ ఆమె, బ్రాంచి మేనేజరు కలిసి సంతకం పెట్టే ధ్రువీకరణ పత్రం కూడా వెళ్లాలి.

చిక్కంతా మూడు పనుల దగ్గర వచ్చింది. మొదటిది పేపర్ మిల్లు రికవరీ బాయిలర్ షట్‌డౌన్, మొత్తం 48 లక్షల కాంట్రాక్టు. సైట్ పని సెప్టెంబరు 18 నుంచి 29 వరకు జరిగింది. రిపోర్టు అక్టోబరు మధ్యలో ఇవ్వాలి. రిపోర్టు ఆమోదించాక 90 శాతం, మూడు నెలల తర్వాత మిగతా 10 శాతం చేతికొస్తాయి. రిపోర్టు ఆలస్యమైతే వారానికి అర శాతం కోత, గరిష్ఠం 5 శాతం. రెండోది అల్యూమినా రిఫైనరీ పని. 14 మంది ఇన్‌స్పెక్టర్లు, 26 రోజులు, రోజుకు మనిషికి 4,500. సెప్టెంబరు టైమ్‌షీటు మీద రిఫైనరీ వాళ్లు అక్టోబరు 4న సంతకం పెట్టారు, అదీ 364 మ్యాన్‌డేలకు కాదు, 351కి. మూడోది ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారంలో కొత్త పైపులైను రేడియోగ్రఫీ. 620 జాయింట్లు, జాయింటుకు 1,400. నెలాఖరుకు 410 తీశారు. ఫిల్మ్ చూసి రిపోర్టు రాసి అవతలివాళ్ల సంతకం తీసుకున్నవి 300.

మేనేజరు మూడూ పూర్తిగా సెప్టెంబరులోనే వేయమంటున్నారు, అంటే 73,06,000. బిల్లు పంపనిదేదీ వేయనని ఈమె పట్టుబట్టారు. ఆ మేనేజరు ఈమెకు పిన్ని భర్త. ఉద్యోగం పెట్టించింది ఆయనే. ఆఫీసులో సార్, ఇంట్లో బాబాయి. ‘ఇంటి పిల్లవని తెచ్చి కూర్చోబెడితే నాకే రూల్స్ చెబుతావా’ అన్నారట. వాళ్లమ్మగారు ‘బాబాయి మాట కాదనకు’ అని ఫోన్లో ఏడుస్తున్నారు. వీటికి తోడు ఇంకో విషయం ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు. జూన్ క్వార్టర్లో ఇలాగే ఆయన చెబితే, జులైలో చేసిన 11 లక్షల పనిని జూన్ 30 తేదీతో వేసేశారు. ‘ఇప్పుడు కాదంటే అది బయటపడుతుంది. అవునంటే ఇది కూడా నా మీదే ఉంటుంది. ఏం చేయను?’

*

ముందు మీకు నచ్చని మాట చెబుతాను. మీ బాబాయిగారి అంకె తప్పు. మీ అంకె కూడా తప్పే.

బిల్లు కొట్టలేదు కాబట్టి ఆదాయం లేదన్న లెక్క మీ కంపెనీకి చెల్లదు. బిల్లు మీ కంప్యూటర్లో ఎప్పుడు తయారైందన్నది మీ సౌకర్యం. ఆదాయం మాత్రం పని అవతలివాడి చేతికి ఎప్పుడు చేరిందన్నదాన్ని బట్టి నడుస్తుంది. దానికి ఇండ్ ఏఎస్ 115 ఉంది (ఇండ్ ఏఎస్ అంటే మీలాంటి కంపెనీలు పాటించాల్సిన భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు). మధ్యంతర ఫలితాలకు ఇండ్ ఏఎస్ 34 ఉంది. ఈ 34 చెప్పేది చిన్న మాటే. మార్చిలో ఏడాది లెక్కలకు ఏ పద్ధతి వాడతారో సెప్టెంబరుకూ అదే వాడాలి. క్వార్టర్ కదా అని సడలింపు లేదు, క్వార్టర్ కదా అని అదనపు చాదస్తమూ అక్కర్లేదు. 73 లక్షలు వేస్తే షేరు కొన్నవాణ్ని మోసం చేసినట్టే. సున్నా వేస్తే అమ్మేసుకున్నవాణ్ని మోసం చేసినట్టు.

అందుకని మూడు పనులనూ ఒక గంపలో వేసి వాదించుకోవడం మానేసి, ఒక్కోదానికి సెప్టెంబరు 30 నాటికి చేతిలో ఏ కాగితం ఉందో చూడండి.

రిఫైనరీ పని అన్నిట్లోకీ తేలిక. రోజు లెక్కన మనిషిని పంపారు, ఆ రోజు పని ఆ రోజే వాళ్లు వాడుకున్నారు. సంతకం అక్టోబరు 4న పడింది కదా అని మీకు అనుమానం. ఆ సంతకం కొత్త పనిని పుట్టించలేదు, సెప్టెంబరులో అయిపోయిన పనికి సాక్ష్యం చెప్పింది. లెక్కలు మూసేలోపు వచ్చిన ఇలాంటి సాక్ష్యాన్ని వాడుకోవాలనే ఇండ్ ఏఎస్ 10 అంటుంది. కాబట్టి 351 మ్యాన్‌డేలకు 15,79,500 సెప్టెంబరులోనే వేయాలి. వేయకపోతే మీదే తప్పు. మిగిలిన 13 మ్యాన్‌డేలు, 58,500 రూపాయలు, వేయకండి. ఆ 13 ఎందుకు కొట్టేశారో ముందు తెలుసుకోండి. ఇలాంటి చోట్ల సాధారణంగా గేటు పాసు రికార్డుకూ మన హాజరు పట్టికకూ తేడా వచ్చి ఉంటుంది, లేదా మెడికల్, సేఫ్టీ ట్రైనింగు రోజుల్ని వాళ్లు లెక్కలోకి తీసుకోరు. కాంట్రాక్టులో ట్రైనింగు రోజుకు డబ్బుందని తేలితే తర్వాత వేసుకోవచ్చు.

రేడియోగ్రఫీ పని చూద్దాం. జాయింటుకింత అని రేటు ఉన్నప్పుడు ఒక్కో జాయింటూ ఒక్కో చిన్న పని. రేటులో ఫిల్మ్ తీయడం, చదవడం, రిపోర్టు రాయడం మూడూ కలిసి ఉన్నాయని మీరే రాశారు. చదవని ఫిల్మ్ వల్ల ఆ కర్మాగారానికి కాణీ ఉపయోగం లేదు. ఆ వెల్డు బాగుందో లేదో వాళ్లకు ఇంకా తెలియదు. పైగా అలా మిగిలిన 110లో కొన్ని నల్లగా మాడో, పలచగా వచ్చో, ఫిల్మ్ నాణ్యతకు గుర్తుగా పెట్టే పెనెట్రామీటరు సరిగా కనపడకో మళ్లీ తీయాల్సి వస్తుంది. ఆ రీషూట్‌కు ఎవరూ డబ్బివ్వరు. అందుకని 300 జాయింట్లు, 4,20,000. మిగతా 110కి పెట్టిన ఫిల్మ్, కెమికల్, ఆ రోజుల జీతం లాంటి నేరు ఖర్చులు తిరిగి రాబట్టుకోగలమని నమ్మకం ఉంటే, వాటిని కాంట్రాక్టు ఖర్చుగా ఆస్తి వైపు ఉంచి అక్టోబరులోకి తీసుకెళ్లవచ్చు. సెప్టెంబరులో అసలు తీయని 210 జాయింట్ల గురించి నేను మాట్లాడను. వాటిని వేయమనడానికి మీ బాబాయిగారి దగ్గర కూడా కారణం ఉండదు.

ఈ రెండూ కలిపితే 19,99,500. ఇరవై లక్షలకు ఐదొందలు తక్కువ. ఇంతవరకు గొడవ పెట్టుకోవాల్సిన పనే లేదు.

అసలు కథ పేపర్ మిల్లుది. 48 లక్షల్లో సెప్టెంబరుకు ఎంత? సున్నా అనొచ్చు, 38 లక్షలు అనొచ్చు, రెండింటికీ దారి ఉంది. 48 అనడానికి మాత్రం లేదు, ఎందుకంటే రిపోర్టు పని ఇంకా మిగిలే ఉంది.

తేల్చాల్సింది ఇది. మీ మనుషులు పని చేస్తూ ఉండగానే మిల్లు ఆ ఫలాన్ని వాడుకుంటూ వచ్చిందా, లేక చివర్లో వచ్చే రిపోర్టు మాత్రమే మిల్లుకు కావలసిన సరుకా? మామూలుగా ఇన్‌స్పెక్షన్ పనుల్లో రెండోదే నిజమవుతుంది. పరీక్ష ఇలా పెట్టుకోండి: మీ కంపెనీ 29వ తేదీ రాత్రి చేతులెత్తేసి వెళ్లిపోతే, ఇంకో కంపెనీ వచ్చి పరంజా మళ్లీ కట్టి అవే ట్యూబుల్ని మళ్లీ కొలవాలా? కొలవాల్సి వస్తే మిల్లుకు ఇంతదాకా ఏమీ అందనట్టే.

కానీ షట్‌డౌన్‌లో ఒక సంగతి ఉంటుంది, సైట్ మొహం చూడని అకౌంటెంట్లకు అది తెలియదు. బాయిలర్ ఆరిపోయి ఉన్న ప్రతి రోజూ మిల్లుకు నష్టమే. అందుకని మందం కొలిచే కుర్రాళ్లు ఆ రోజు రీడింగుల్ని ఆ సాయంత్రమే ఒక షీటు మీద రాసి మిల్లు మెయింటెనెన్స్ ఇంజినీరుకు ఇస్తారు. పలచబడ్డ ట్యూబులు ఏవో చూసుకుని ఆయన రాత్రికి రాత్రి కోయించి కొత్తవి వేయిస్తాడు. చివర్లో వచ్చే రిపోర్టు బైండు పుస్తకం రికార్డుకోసం, బాయిలర్ ఇన్‌స్పెక్టరుకు చూపడంకోసం. మీ సైట్‌లో ఇలాగే జరిగి, 12 రోజుల సాయంత్రపు షీట్ల మీద మిల్లువాళ్ల సంతకాలు ఉంటే, పని జరుగుతూ ఉండగానే మిల్లు వాడుకున్నదన్న వాదన బలపడుతుంది. అలాంటి షీట్లు లేకపోతే బలహీనపడుతుంది. వాటి మీద షిఫ్ట్ ఇన్‌చార్జీలు ఒడియాలో రిమార్కులు రాసి ఉంటారు. విశాఖలో చదివే దిక్కుండదు, కాబట్టి ప్రతిదానికీ ఒక లైను అనువాదం కింద రాసి పంపండి.

ఇంకో దారి కూడా ఉంది. రిపోర్టు ఆ ఒక్క బాయిలరుకే పనికొస్తుంది, ఇంకెవరికీ అమ్ముకోలేరు. మిల్లు పని మధ్యలో ఆపేస్తే, మీ కంపెనీ తప్పేమీ లేకుండానే ఆపేస్తే, అప్పటిదాకా చేసిన పనికి లాభంతో సహా డబ్బు అడిగే హక్కు కాంట్రాక్టులో ఉందా? ఉంటే పని జరిగినంత మేరకు ఆదాయం వేసుకోవచ్చు. ఖర్చులు మాత్రమే ఇస్తామంటే చాలదు. ఆ టెర్మినేషన్ క్లాజు మీరింకా చూడలేదని రాశారు. మీ దగ్గరున్నది వర్క్ ఆర్డరు రెండు పేజీలే. జనరల్ కండిషన్స్ పుస్తకం వేరే ఉంటుంది, మిల్లు పర్చేజ్ విభాగం దగ్గరో మీ విశాఖ టెండర్ల సెక్షన్ దగ్గరో దొరుకుతుంది.

ఈ రెండు దారుల్లో ఒక్కటి తెరుచుకున్నా, ఎంత శాతం అన్న ప్రశ్న వస్తుంది. 12 రోజులు ఎనిమిది మంది, అంటే 96 మ్యాన్‌డేలు అయ్యాయి. రిపోర్టుకు ముగ్గురు ఎనిమిది రోజులు, ఇంకో 24. మొత్తం 120లో 96 అంటే 80 శాతం, 38,40,000. బాగానే కనపడుతుంది. కానీ రిపోర్టు దగ్గర కూర్చునేది లెవెల్ త్రీ ఇంజినీరు, అంటే ఈ పరీక్షల్లో పై స్థాయి అర్హత ఉన్నాయన. ఆయన రోజు ఖరీదు, ట్యూబు మీద ప్రోబు ఆనించే టెక్నీషియన్ రోజు ఖరీదు ఒకటి కావు. రోజుల బదులు ఖర్చుతో కొలిస్తే శాతం తగ్గుతుంది. రెండింట్లో ఏది అన్నది మీరు కాదు, హెడ్డాఫీసు చెప్పాలి. ఇలాంటి మిగతా షట్‌డౌన్ పనులకు పోయిన మార్చిలో ఏది వాడారో అదే వాడాలి. పూజ సెలవుల వల్ల రిపోర్టు ఒక వారం వెనకబడేలా ఉంటే 24,000 కోతను ముందే తీసేసి, ఆ మిగిలిన దాని మీద శాతం కట్టండి. ఇలా వేసిన సొమ్ము రిపోర్టు ఆమోదం మీద ఆధారపడి ఉంది కాబట్టి, అది ‘రావలసిన బాకీ’ కింద కాకుండా కాంట్రాక్ట్ ఆస్తి కింద కూర్చుంటుంది.

ఏ దారీ తెరుచుకోకపోతే మిల్లు ఆదాయం సెప్టెంబరుకు సున్నా. ఇక్కడే మీ బాబాయిగారి భయం తీరే మాట ఒకటుంది, ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు. ఆదాయం సున్నా అయితే ఖర్చు మొత్తం సెప్టెంబరు లాభాన్ని తినేస్తుందని ఆయన అనుకుంటున్నారు. తినదు. ఆ ఎనిమిది మంది జీతాలు, ప్రయాణం, బస, ప్రోబులు, ప్రోబు కింద పూసే కప్లెంటు జెల్లు లాంటి నేరు ఖర్చులు ఆ కాంట్రాక్టు నుంచే తిరిగి వస్తాయి కాబట్టి వాటిని ఆస్తి వైపు ఆపి, రిపోర్టు ఇచ్చిన రోజున ఆదాయంతో కలిపి ఖర్చు రాయొచ్చు. బ్రాంచి అద్దె, మీ జీతం, వృథా అయిన రోజులు మాత్రం ఆపలేరు. అలా చేస్తే బ్రాంచికి టర్నోవరు తగ్గుతుంది గానీ ఆ నేరు ఖర్చులు నష్టంగా కనపడవు. టర్నోవరు మీదనే ఆయన ఇన్సెంటివ్ లెక్కిస్తారేమో నాకు తెలియదు. తెలుసుకోండి, ఆయన తొందర ఎక్కడిదో అర్థమవుతుంది.

ఇక ఆయన చెబుతున్న మిగతా రెండు సర్దుబాట్లు. జులైలో కట్టిన కాలిబ్రేషన్ (పరికరాల కొలత సరిచూడటం) ఖర్చును నాలుగు క్వార్టర్లకూ పంచమంటున్నారట. మార్చి 31 లెక్కల్లో మిగిలిన నెలల భాగాన్ని ముందస్తు ఖర్చుగా చూపే అలవాటు కంపెనీకి ఉంటే పంచండి. లేకపోతే మొత్తం సెప్టెంబరు క్వార్టర్‌దే. ఏడాది చివర ఆస్తిగా నిలబడనిది మధ్యలోనూ నిలబడదు. ఆయన పంచమంటున్న రెండోది, కిరణాలిచ్చే రేడియోగ్రఫీ సోర్స్ ఖర్చు, దాని సంగతి వేరు. ఇరిడియం-192 అర్ధజీవితం సుమారు 74 రోజులు. ఆగస్టు 10న వచ్చింది కాబట్టి సెప్టెంబరు 30కి 51 రోజులు, ఇంకా 62 శాతం బలం ఉంది. దాన్ని ఒక్క క్వార్టర్లో ఖర్చు రాయడమే తప్పు. ఈ ఒక్క విషయంలో మీ మీద ఆయనదే గెలుపు. బోనసు మాత్రం ఇద్దరూ మరిచారు. ఈ ఏడాదిది వచ్చే ఏడాది పూజకు ఇస్తారు కదా అని వదిలేయకూడదు. ఆరు నెలల పనికి సగం ఇప్పటికే ప్రొవిజన్‌గా, అంటే ముందే ఖర్చు రాసి పక్కన పెట్టిన సొమ్ముగా ఉండాలి.

ఇప్పుడు ‘ఏం చేయను’ అన్న ప్రశ్నకు వద్దాం. నాలుగు దారులు కనపడుతున్నాయి. ఎవరికి ఏది సరిపడుతుందో వాళ్ల ఇల్లు, ఈఎంఐ, ధైర్యం చూసుకుని చేసుకోవాలి. ఒక్కోటి ఎంచుకుంటే ఏమవుతుందో చెబుతాను.

ఒకటి, ఆయన చెప్పినట్టు వేసేయడం. లిమిటెడ్ రివ్యూలో ఆడిటర్లు ప్రశ్నలు అడిగి, అంకెలు పోల్చి చూసి వదిలేస్తారు, రాయగడ దాకా రారు, పట్టుబడదు అని ఆయన అన్నారట. నవంబరు 14 దాకా, అంటే 45 రోజుల గడువు దాటేదాకా, అది నిజమే కావచ్చు. కానీ మార్చి క్వార్టర్‌ను ఎవరూ విడిగా కట్టరు. ఏడాది ఆడిట్ అంకెలోంచి తొమ్మిది నెలల అంకె తీసేస్తే మిగిలేదే మార్చి క్వార్టర్. సెప్టెంబరులో వేసిన గాలిలో డిసెంబరు క్వార్టర్లో సర్దుకోనిదంతా అక్కడ బయటికొస్తుంది. అప్పుడు అడిగే ప్రశ్న ఎవరు వేశారు అనే. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో ఎడిట్ లాగ్ (ఎంట్రీల మార్పులన్నీ నమోదయ్యే పట్టీ) ఆపకూడదన్న రూలు ఉంది. అక్టోబరు 9న కూర్చుని సెప్టెంబరు 30 తేదీతో ఎంట్రీ వేస్తే, వేసిన రోజూ వేసిన యూజర్ ఐడీ రెండూ దాన్లో ఉంటాయి. యూజర్ ఐడీ మీది.

ఈ దారిలోనే ఇంకో గుంట ఉంది. ‘సపోర్టు’ కోసమని సెప్టెంబరు 30 తేదీతో బిల్లు కొట్టమంటే అసలు ఒప్పుకోవద్దు. అన్‌బిల్డ్ (ఇంకా బిల్లు పంపని) ఆదాయం ఎంట్రీ తప్పయితే సవరణతో పోతుంది. బిల్లు అయితే ఈ-ఇన్‌వాయిస్ నంబరు మీద అసలు తేదీ పడుతుంది, జీఎస్టీ కట్టాలి, అవతలి కంపెనీ పోర్టల్‌లో అది కనపడుతుంది. వాళ్ల అకౌంట్స్‌వాళ్లు వారంలో ఫోన్ చేసి ‘ఈ బిల్లు మాదేనా’ అంటారు. తర్వాత ఆ బిల్లును రద్దు చేసే క్రెడిట్ నోటు. దొంగ బిల్లు, వెనకే క్రెడిట్ నోటు, ఈ జంటను చూస్తే ఏ ఆడిటరైనా ఆగిపోతాడు.

రెండో దారి, ఇప్పుడు మీరు చేస్తున్నట్టు మొండికేయడం. దీనివల్ల ఆయన సొంతంగా ఇంకెవరితోనో వేయిస్తారు, మీరు ‘సహకరించని మనిషి’ అవుతారు, అంకె మాత్రం తప్పుగానే పోతుంది. లెక్క చెప్పకుండా కాదనడం వల్ల మీ మాటకు బరువు లేకుండా పోతోంది.

మూడోది, నాకు నచ్చిన దారి. ఒక పేజీ వర్క్‌షీటు. మూడు పనులు, ఒక్కోదాని ఎదురుగా కాంట్రాక్టు క్లాజు, సెప్టెంబరు 30 నాటికి చేతిలో ఉన్న కాగితం, దాన్నిబట్టి అంకె, తేలని ప్రశ్న. దాన్ని ఆయనకే ముందు మెయిల్‌లో పంపండి, ఎవరికీ కాపీ పెట్టకుండా. మెయిల్లో బాబాయి అని రాయకండి. ఇలా రాయొచ్చు: ‘సార్, రిఫైనరీ 15,79,500, రేడియోగ్రఫీ 4,20,000 ఈ క్వార్టర్లోనే వేస్తున్నాను, ఇంతకుముందు నేను వద్దన్నది సరికాదు. మిల్లు పనికి టెర్మినేషన్ క్లాజు, రోజువారీ షీట్లు కావాలి. అవి సరిపోతే 38 లక్షల దాకా వేయవచ్చు, శాతం విషయం హెడ్డాఫీసు ఫైనాన్స్‌ను అడుగుదాం. మీరు ఒప్పుకుంటే 10వ తేదీన ఆ ప్రశ్న నేనే పంపుతాను.’ మీ తప్పును మీరే ముందు ఒప్పుకోవడం ఆయనకు గౌరవంగా ఉంటుంది, ఆయన వెనక్కి తగ్గడానికి చోటు దొరుకుతుంది. ఆయన సున్నాకూ 73కీ మధ్య ఇరుక్కున్నారు. మీరు 58,39,500 దాకా దారి చూపిస్తున్నారు. చాలామంది బ్రాంచి మేనేజర్లు ఇక్కడ ఆగిపోతారు. నష్టమల్లా ఒకటే, ఆయన ఒప్పుకోకపోతే మెయిల్ రాతపూర్వకంగా ఉండిపోతుంది, దాంతో ఇంట్లో మాటలు పోవచ్చు.

ఆయన ఒప్పుకోకుండా ఆ అంకెలతోనే పంపితే, ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టకుండా వదిలేయకండి. సంతకం పక్కన ‘మిల్లు పని, రేడియోగ్రఫీ 320 జాయింట్లు, 13 మ్యాన్‌డేలు తప్ప’ అని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టండి. ఆ పత్రాలన్నిటి మీద ఆధారపడే అక్కడ సీఈఓ, సీఎఫ్ఓ ఫలితాల్లో అబద్ధం లేదని బోర్డుకు సర్టిఫికెట్ ఇస్తారు. ‘తప్ప’ అన్న రెండక్షరాలు చూసిన సీఎఫ్ఓ ఫోన్ చేయకుండా ఉండడు.

నాలుగోది, విజిల్‌బ్లోయర్ దారి. లిస్టెడ్ కంపెనీకి విజిల్ మెకానిజం, అంటే లోపలి తప్పుల మీద ఉద్యోగులు ఫిర్యాదు చేసే ఏర్పాటు, తప్పనిసరి, అవసరమైతే ఆడిట్ కమిటీ చైర్మన్‌ను నేరుగా చేరుకునే వీలు దాంట్లో ఉండాలి. కంపెనీ వెబ్‌సైట్లో పాలసీ ఉంటుంది, చదివి పెట్టుకోండి. ఇప్పుడే వాడొద్దని నా అభిప్రాయం. ఇంకా ఎవరూ మీ అంకెను లెక్క చూసి కాదనలేదు, ప్రశ్నే సరిగా అడగలేదు. కటాఫ్ తప్పులన్నీ, అంటే ఒక క్వార్టర్ పనిని ఇంకో క్వార్టర్లో వేసే తప్పులన్నీ, మోసాలు కావు. కంపెనీల చట్టం 447వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి పదేళ్ల జైలు ఉండేది మోసగించాలన్న ఉద్దేశంతో చేసిన వాటికి. అయితే దొంగ టైమ్‌షీటు తయారుచేయమన్నా, మిల్లువాళ్ల సంతకం మీరే పెట్టమన్నా ఆ రోజే ఈ దారి పట్టండి. ముందు ఒక లాయర్ను కలవండి.

జూన్ నెల 11 లక్షల మాట. అది కదిపితే కొంప మునుగుతుందని మీరు భయపడుతున్నారు. ఆరు నెలల మొత్తంలో ఆ పని నిజంగానే అయిపోయింది కాబట్టి అర్ధసంవత్సరం అంకె సరిగానే ఉంటుంది. చెడింది జూన్ క్వార్టర్ అంకె, దాని వల్ల తగ్గబోయేది సెప్టెంబరు క్వార్టర్ అంకె. సెప్టెంబరు ఫలితాల పట్టికలో పక్కనే జూన్ కాలమ్ మళ్లీ అచ్చవుతుంది, సవరించాలా వద్దా అన్నది ఆ మొత్తం కంపెనీ లాభానికి ఎంత పెద్దదో చూసి సీఎఫ్ఓ, ఆడిటర్లు తేలుస్తారు. పెద్ద కంపెనీకి 11 లక్షలు కనిపించకపోవచ్చు కూడా. కానీ తేల్చేది వాళ్లు కావాలి, దాచేది మీరు కాకూడదు. పైన చెప్పిన వర్క్‌షీటులోనే నాలుగో వరుసగా పెట్టండి: పని జరిగిన తేదీలు, ఎంట్రీ తేదీ, మొత్తం. ‘మేనేజరు చెప్పారు’ అని అందులో రాయకండి, అడిగితే చెప్పండి. ఇప్పుడు మీరు చెబితే అది సవరణ. మేలో ఆడిటరు పట్టుకుంటే అది మీ మీద ప్రశ్న. దీనికి మీకు మెమో రాదని నేను హామీ ఇవ్వలేను. మెమో రావచ్చు. ఉద్యోగం పోయేంత అవుతుందని అనుకోను.

ఇంటి సంగతి. అమ్మగారితో, పిన్నిగారితో ఈ అంకెలు అసలు మాట్లాడకండి. మంచితనం కోసం చెప్పడం లేదు. క్వార్టర్ ముగిసినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల దాకా కంపెనీలో లెక్కలు తెలిసినవాళ్లకు షేర్ల ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, ప్రకటించని అంకెలు బయటివాళ్లకు చెప్పడం ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం నేరం. ‘అమ్మా, ఫలితాలు వచ్చేదాకా ఆఫీసు లెక్కలు ఇంట్లో మాట్లాడితే కేసవుతుంది’ అని చెప్పండి. అబద్ధం కాదు, గొడవా ఉండదు. దసరాకు పిన్నిగారింటికి ఎప్పటిలాగే వెళ్లండి. వెళ్లకపోతే ఆఫీసు మాట ఇంటిదాకా వచ్చిందని అర్థం.

ఉద్యోగం మారే ఆలోచన కూడా రాశారు. రాయగడలో ఈ అనుభవానికి కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉన్నాయి, విశాఖ వెళ్తే ఇల్లు రెండు చోట్లవుతుంది. ఈ క్వార్టర్ ఫలితాలు వచ్చేదాకా ఆ నిర్ణయం వాయిదా వేయండి. వెళ్లే రోజు వస్తే కంపెనీ ఫైళ్లు పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకోవద్దు, అది వేరే తప్పు. మీరు సంతకం పెట్టిన ధ్రువీకరణ పత్రం కాపీ ఒక్కటి అడిగి తీసుకోండి.

ఇవన్నీ మొదలవ్వాల్సింది మిల్లు జనరల్ కండిషన్స్ పుస్తకం దగ్గర. పూజకు పర్చేజ్ ఆఫీసు మూసేలోపు ఫోన్ చేసి టెర్మినేషన్ క్లాజు ఉన్న పేజీ వాట్సాప్‌లో పెట్టమనండి.